ఉతికిన చీకటి

ఆవిడ వృత్తి చీకటి తయారు చేయడం. ఇలా చెబితే ఎవరైనా అనుమానంగానే చూస్తారు. ఇంటి ఓనరు కూడా మొదట్లో అలాగే చూశాడు. నిజానికి ఇందులో దాచుకోవాల్సిందేమీ లేదు. జీవకణాల మీద పరిశోధన చేసేవాళ్ళు ఆ కణాలతో ఒక రసాయనం కలిపి, దాని మీద ఊదా రంగు వెలుతురు వేస్తారు. కణాల్లో జరగాల్సిన పని జరుగుతూ ఉంటే అది నీలంగా మెరుస్తుంది. జరగకపోతే మెరవదు. ఆ మెరుపు ఎంత సన్నదంటే, పక్కన ఎవరైనా సెల్‌ఫోను తీస్తే చాలు, సిగ్గుపడి కనపడకుండా పోతుంది. దాన్ని ఫొటో తీయాలంటే లోపల గట్టి చీకటి ఉన్న పెట్టె కావాలి. ఆ పెట్టెలు ఆవిడ చేస్తుంది. ప్రయోగశాలల్లో అందరూ ఆవిడని పెట్టెలావిడ అంటారు. వెనకాల ఇంకేదో కూడా అంటారని ఆవిడకి తెలుసు.

పెద్ద కంపెనీలు కూడా ఇలాంటి యంత్రాలు అమ్ముతాయి. నున్నగా, తెల్లగా, పెళ్ళికొడుకుల్లా ఉంటాయి. అవి అన్ని పనులూ చేస్తాయి, మనకు కావలసింది తప్ప. కణాలు వేసే మన పళ్ళెం అందులో పట్టదు. పట్టినా మన రసాయనానికి ఆ దీపం సరిపోదు. అన్నీ సరిపోయిన నాడు యంత్రం పాడవుతుంది, బాగుచేసే మనిషి ఇంకో ఖండంలో ఉంటాడు. అప్పుడు అందరికీ పెట్టెలావిడ గుర్తొస్తుంది. అవసరం తీరాక అంత చక్కగానూ మర్చిపోతారు.

ఆవిడ వర్క్‌షాపు మెట్ల కింద మొదలై పెరటి గోడ దాకా సాగిన రెండు గదులు. ముందు గదిలో రేకులు కోయడం, రంధ్రాలు పెట్టడం, నల్లరంగు కొట్టడం. వెనక గదికి ఉన్న ఒక్క కిటికీకీ రేకు బిగించేసింది. అక్కడే పరీక్షలు. పైన కెమెరా, కెమెరా ముందు రంగుటద్దం, దాని చుట్టూ గాజుల్లా అమర్చిన ఊదా దీపాలు, కింద పళ్ళెం పెట్టే అర. ఊదా వెలుతురు పళ్ళెం మీద పడాలి గానీ కెమెరాలోకి పోకూడదు. నీలం మెరుపు మాత్రం పోవాలి. రంగుటద్దం పని అదే, అది కాపలావాడు. మిగతాదంతా ఆవిడ పని.

ఆ మిగతాది తక్కువేం కాదు. మామూలు మనుషులు నలుపంటే నలుపే అనుకుంటారు. పెట్టెలావిడ అలా అనుకోదు. నల్లరంగు, నల్ల టేపు, జిగురు, మేకుకి అంటిన నూనె, ఇవన్నీ పగటి వెలుతురులో పెద్దమనుషుల్లా కూర్చుంటాయి. ఊదా దీపం వేయగానే వీటిలో సగం పళ్ళికిలిస్తాయి. అందుకని ఆవిడ మెడలో ఎప్పుడూ ఒక ఊదా టార్చిలైటు వేలాడుతూ ఉంటుంది. హార్డ్‌వేరు షాపువాడు ఆవిడ దూరం నుంచి కనపడగానే మొహం గంటు పెట్టుకుంటాడు. ఒక నల్ల టేపు కోసం వచ్చి షాపులో లైట్లన్నీ ఆర్పమనే మనిషిని చూసి ఎవరు మాత్రం సంతోషిస్తారు?

వర్క్‌షాపు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది: దీపం చూడనిది లోపలికి పోదు. పెట్టెలోకి పోయే ప్రతి వస్తువునీ ముందు ఊదా దీపం కింద పెట్టి చూడాలి. ఈ నియమాన్ని ఆవిడ ప్రపంచంలో అందరికీ బోధించింది. పరిశోధకులకి చెప్పింది, కొరియర్ అబ్బాయికి చెప్పింది, కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చినాయనకి కూడా చెప్పింది. "నా పెట్టె అబద్ధం చెప్పదు. దానికి అబద్ధం చెప్పే అవకాశం నేను ఇవ్వను," అని ఆవిడ అంటున్నప్పుడు గడ్డం కొంచెం పైకి లేచేది. ఇలాంటి మాటలు అన్నవాళ్ళకి తర్వాత ఏమవుతుందో అందరికీ తెలుసు, అనేవాళ్ళకి తప్ప.

ఆవిడ భర్త ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసేవాడు. ఆఫీసు మూసేశారు. కొన్నాళ్ళు పేపరు చదివాడు, కొన్నాళ్ళు అదే పేపరు మళ్ళీ చదివాడు. తర్వాత ఒక రోజు ఇంట్లో బట్టలు ఉతకడం తన చేతుల్లోకి తీసుకున్నాడు. తీసుకోవడం అంటే మామూలుగా కాదు. కాలరు మురికికి ఒక బ్రష్షు, కఫ్ మురికికి ఇంకో బ్రష్షు. మార్కెట్లో ఉన్న సబ్బుపొడులన్నీ వాడి చూసి, చివరికి ఒకదాన్ని ఎంచుకున్నాడు. మంచులాంటి తెలుపు ఇస్తుందని ఆ ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. ఆయన మంచు ఎప్పుడూ చూడలేదు గానీ నమ్మాడు. ఆయన చొక్కాలు నిజంగానే కళ్ళు చెదిరేలా ఉండేవి. వీధిలో నలుగురు ఆగి, "ఏం పొడి వాడతారండీ?" అని అడిగితే ఆ పూట ఆయనకి భోజనం అక్కర్లేదు.

పెట్టెలావిడ మాత్రం ఎప్పుడూ అడగలేదు. ఆవిడ లెక్కలో ఇంట్లో రెండు పనులున్నాయి. ఒకటి సైన్సు. రెండోది బట్టలు. "ఇది చూడవోయ్, టొమాటో మరక. ఆనవాలు లేకుండా చేశాను," అని ఆయన చొక్కా పట్టుకొస్తే, "ఊఁ" అని చూడకుండానే అనేది. ఊఁ అనడంలో ఆవిడకి మంచి ప్రాక్టీసు.

ఇక డాక్టరమ్మ. రోగుల్ని చూసే డాక్టరు కాదు, పరిశోధన చేసే డాక్టరు. సన్నగా, ఎప్పుడూ ఏదో మర్చిపోయి వచ్చినట్టు ఉంటుంది. కొందరు పిల్లలు పుట్టుకతోనే ఒక లోపంతో పుడతారు. వాళ్ళ కణాల్లో చెత్త ఊడ్చే ఎంజైము ఒకటి పనిచేయదు. చెత్త పేరుకుపోతుంది. నడక నేర్చిన పిల్ల నడక మర్చిపోతుంది, అమ్మా అన్న పిల్లాడు ఆ మాట మర్చిపోతాడు. దానికి మందు వెతకడమే డాక్టరమ్మ జీవితం. ఇంకో జీవితం ఉండేదేమో, దాన్ని ఎక్కడో పెట్టి మర్చిపోయింది.

డాక్టరమ్మ పరీక్ష ఇలా ఉంటుంది. చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పళ్ళెంలో జబ్బు కణాలు వేస్తారు. ఎడమవైపు గుంటల్లో ఉత్త నీళ్ళు, కుడివైపు గుంటల్లో మందు. మందు వల్ల ఎంజైము లేచి పనిచేస్తే కుడివైపు నీలంగా మెరవాలి. ఎడమవైపు చీకటిగా ఉండాలి. నీళ్ళు ఎడమ, మందు కుడి. మొదటి రోజు ఎలా పెట్టిందో అదే వరస, ఎప్పుడూ మార్చలేదు. పెట్టెలావిడ ఆ పళ్ళేనికి సరిపడా పెట్టె చేసి ఇచ్చింది. తలుపు కుడివైపు పెట్టింది. తలుపు సందులోంచి వెలుతురు రాకుండా లోపల నల్ల మఖ్మల్ గుడ్డ తెరలా కట్టింది. కావాలంటే ఊడదీసి మళ్ళీ అంటించేలా స్వయంగా కుట్టింది.

డాక్టరమ్మ ఆ పెట్టెలో ఎన్ని పళ్ళేలు పెట్టినా కుడి ఎడమా ఒకేలా చీకటిగా ఉండేది. "పెట్టెలో ఏమైనా..." అని ఆవిడ నసిగితే పెట్టెలావిడ ఒంటికాలి మీద లేచేది.

"చీకటి నా బాధ్యత. మెరుపు మీ బాధ్యత," అనేది.

డాక్టరమ్మ మందు మార్చింది. కొత్త రకం మందుతో పరీక్ష మొదలుపెట్టే ముందు దీపాలు ఒకసారి సరిచూడమని పెట్టెని వర్క్‌షాపుకి పంపింది. పెట్టెలావిడ దీపాలు సరిచూసింది. సరిచూస్తూ టీ తాగింది. పెట్టె దగ్గర టీ తాగకూడదని ఎన్ని ప్రయోగశాలల్లో ఎంతమందికి తల వాచేలా చీవాట్లు పెట్టిందో ఆవిడకే గుర్తులేదు. గ్లాసు ఒరిగి టీ అంతా మఖ్మల్ తెర మీద పడింది. ఎవరూ చూడలేదు కదా అని అటూ ఇటూ చూసి, తెర ఊడదీసి కుర్చీ మీద పడేసింది. కొత్తది కుట్టాలి అనుకుంది. మరి కుట్టాలిగా.

మర్నాడు పొద్దున చూస్తే తెర అదే కుర్చీ మీద నాలుగు మడతల్లో నీటుగా ఉంది. మరక లేదు. ఇస్త్రీ కూడా అయింది. బయట ప్రయోగశాల వ్యాను హారన్ కొడుతోంది. తన చేత్తో కుట్టిన తన గుడ్డ. దానికి దీపం ఏమిటి? తెర పెట్టెకి అంటించి వ్యాను ఎక్కించేసింది. గోడ మీది అక్షరాలు ఆవిడ వీపు వెనకే ఉన్నాయి. పాపం అవి అరవలేవు కదా.

వారం తిరక్కుండా ఫోను వచ్చింది.

"వెలిగిందండీ!" అంది డాక్టరమ్మ. "కుడివైపంతా నీలం. ఎడమవైపు ఏమీ లేదు. మళ్ళీ చేశాను, మళ్ళీ వెలిగింది. మీ పెట్టె, మీ పెట్టె వల్లే..."

ఫోనులోనే ఏడ్చేసింది. పెట్టెలావిడకి కూడా కళ్ళు చెమర్చాయి, అది మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఆ సాయంత్రం ఇంట్లో ఆవిడ గొప్పలు వినలేక టీవీ కూడా నోరు మూసుకుంది. తన పెట్టెలో చీకటి ఎంత స్వచ్ఛమైనదో, అందుకే అంత సన్న మెరుపు కూడా ఎలా దొరికిందో భర్తకి పూసగుచ్చినట్టు చెప్పింది. ఆయన టవళ్ళు మడతపెడుతూ అంతా విన్నాడు.

"అయితే ఆ పిల్లలకి నయమైపోతుందన్నమాట," అన్నాడు.

"అవుతుంది. మొదటి మెట్టు ఎక్కినట్టే."

"ఇందులో నా చెయ్యి కూడా కాస్త ఉందిలే," అన్నాడాయన, నవ్వుతూ.

ఇంటిపని తాను చూసుకుంటున్నాడు కాబట్టి ఆ మాట అన్నాడనుకుని ఆవిడ ఊఁ అంది.

ప్రయోగశాలకి ఒక డైరెక్టరుగారు ఉన్నారు. పెట్టె మొదటిసారి వచ్చినప్పుడు ఆయన దాన్ని చూసి, "ఈ రేకు డబ్బా ఏమిటి?" అన్నారు. వెలిగిందన్న కబురు తెలిశాక అదే డబ్బా మీద చెయ్యి వేసి, చిన్నప్పటి నుంచి పెంచినట్టు ఫొటో దిగారు. సభ పెట్టారు. విలేకర్లని పిలిచారు. ఆ జబ్బున్న పిల్లల తల్లిదండ్రుల్ని కూడా పిలిచారు. సభలో అందరూ చూస్తుండగా పక్కగదిలో పెట్టెలో పళ్ళెం పెట్టి, ఆ బొమ్మ తిన్నగా సభలోని తెర మీద పడేలా ఏర్పాటు చేయించారు. ఇది డాక్టరమ్మ అడగలేదు. డైరెక్టరుగారికి సరదాలు తక్కువ, ఉన్నవాటిని తీర్చుకుంటారు.

సభ రోజు పొద్దున పెట్టెలావిడ వర్క్‌షాపు వెనక గదిలో ఉంది. పెట్టెకి అంత పేరొచ్చాక ఇంకో ప్రయోగశాలవాళ్ళు కూడా ఒకటి అడిగారు. దాని దీపాలు వెలిగించి చూస్తోంది. గదంతా కటిక చీకటి, నడుమ ఊదా వెలుతురు. తలుపు తోసుకుని ఏదో లోపలికి వచ్చింది. తల లేదు, కాళ్ళు లేవు. నీలంగా భగభగ మెరుస్తున్న చొక్కా ఒకటి గాల్లో తేలుతూ వచ్చి ఆవిడ ముందు నిలబడింది.

"ఎలా ఉంది?" అంది చొక్కా. "సభకి ఇదే వేసుకొస్తున్నా."

పెట్టెలావిడ కసిరింది.

"ఎన్నిసార్లు చెప్పాను, తెల్లచొక్కాతో ఈ గదిలోకి రావద్దని? ఆ సబ్బుపొడిలో మెరుపు మందు కలుపుతారండీ! అందుకే అది ఇక్కడ దీపంలా..."

మాట సగంలో ఆగింది. తల వంచుకుంటే ఆ పొద్దునే మడత విప్పి కట్టుకున్న నల్ల ఏప్రాన్ కనపడింది. అదీ మెరుస్తోంది. చొక్కా అంత కాదు, సన్నగా, మెత్తగా, అచ్చం జీవకణంలా నీలంగా మెరుస్తోంది.

"ఏమండీ, దీన్ని కూడా ఆ పొడితోనే ఉతికారా?"

"మరి దేంతో ఉతుకుతాను? నల్లబట్టలకి మాత్రం మురికి పట్టదా?" చీకట్లో ఆయన గొంతులో గర్వం తెలుస్తూనే ఉంది. "నీ మఖ్మల్ గుడ్డ చూశావుగా. టీ మరక, వట్టి మొండిది. డబుల్ పొడి వేసి నానబెట్టాను. నువ్వేమీ అనలేదు గానీ, దాన్ని మళ్ళీ పెట్టెకి అంటించావు చూడు, నాకెంత సంతోషమైందో. అంత పెద్ద పనిలో నాదీ ఒక చెయ్యి పడింది కదా అనుకున్నా."

పెట్టెలావిడ అక్కడే స్టూలు మీద కూలబడింది. మనసులో అన్నీ గబగబా వరసలో నిలబడ్డాయి. తలుపు కుడివైపు. తెర కుడివైపు. మందు కుడివైపు. మెరిసింది మందు కాదు. తెర మెరిసి, ఆ మెరుపు పక్కనున్న గుంటల మీద పడింది. ఇంట్లో దొరికే సబ్బుపొడి అన్ని ఏళ్ళ పరిశోధనని ఉతికి ఆరేసింది.

కోపం వచ్చింది. ముందు ఆయన మీద వచ్చింది, అదే సులువు కాబట్టి. నోటిదాకా వచ్చిన మాట బయటపడక ముందే గోడ మీద అక్షరాలు గుర్తొచ్చాయి. దీపం చూడనిది లోపలికి పోదు. ఆయన గుడ్డ ఉతికాడు. ఎవరూ అడక్కపోయినా భార్య తంటాలు పడకూడదని ఉతికాడు. దీపం చూపించకుండా లోపలికి పంపింది ఎవరు?

"పదండి. సభకి పోదాం," అంది.

"ఇంకా టైముందిగా?"

"లేదు," అంది ఆవిడ.

దారిలో ఆటోలో ఆయనకి విషయం చెప్పింది. ఆయన మొహం చూడకుండా బయటికి చూస్తూ చెప్పింది.  విన్నాక ఆయన చొక్కా కఫ్ ఒకటి మడిచి లోపలికి దోపుకున్నాడు, ఎవరైనా చూస్తారేమో అన్నట్టు.

ప్రయోగశాల వరండాలో కుర్చీలు వేసి ఉన్నాయి. వాటిలో తల్లులూ తండ్రులూ కూర్చున్నారు, ఒళ్ళో పిల్లలున్నారు. ఒకావిడ పిల్ల మెడ నిలబడక అరచేత్తో పట్టుకుంది. మంచి బట్టలు కట్టుకుని వచ్చారు అందరూ. పెట్టెలావిడ వాళ్ళ మధ్య నుంచి నడిచి వెళుతుంటే ఎవరో, "ఈవిడేనట, ఆ యంత్రం చేసింది," అన్నారు. ఒకాయన లేచి నమస్కారం పెట్టాడు. జీవితంలో ఇంత గౌరవం ఆవిడకి ఎప్పుడూ దక్కలేదు. దక్కక దక్కక ఈ రోజే దక్కాలా? ఆ నమస్కారం చూసి ఆవిడకి చచ్చిపోవాలనిపించింది.

డాక్టరమ్మ పక్కగదిలో పెట్టె దగ్గర ఉంది. పెట్టెలావిడ చెప్పాల్సింది చెప్పింది. నీళ్ళు నమలలేదు, సాకులు వెతకలేదు. టీ దగ్గర మొదలుపెట్టి ఏప్రాన్ దాకా చెప్పింది. డాక్టరమ్మ మొహంలో రంగు ఒక్కొక్క మాటకీ కొంచెం కొంచెంగా దిగిపోయింది.

"పళ్ళెం తిప్పి పెడితే తెలిసిపోతుంది," అంది చివరికి. "మందు ఎడమవైపుకి వస్తుంది. మెరుపు మందుతో పాటు ఎడమవైపుకి వస్తే మందు నిజం. మెరుపు కుడివైపే ఉండిపోతే..."

"నా గుడ్డ నిజం," అంది పెట్టెలావిడ.

"ఇది నేను మొదటి రోజే చేయాల్సింది. చిన్నపిల్లలకి కూడా నేర్పుతాం. చేతికి ఆ వరస అలవాటైపోయింది." డాక్టరమ్మ అదోలా నవ్వింది. "నిజం చెప్పమంటారా? అలవాటు కూడా కాదు. వెలిగాక తిప్పడానికి నాకు భయం వేసింది."

అప్పుడు డైరెక్టరుగారు లోపలికి వచ్చారు. సంగతి విన్నారు. ఆయనది సమస్యల్ని చూసి బెదిరే రకం కాదు, వాటిని వాయిదా వేసే రకం.

"తిప్పండి, తప్పకుండా తిప్పండి. తిప్పొద్దని నేనన్నానా? రేపు తిప్పండి," అన్నారు. "ఈ రోజు సభ ఉంది కదా."

"బయట కూర్చున్నవాళ్ళకి ఈ రోజు చెప్పి, రేపు తిప్పమంటారా సార్?" అంది డాక్టరమ్మ.

"ఆశ కూడా మందేనమ్మా," అన్నారు డైరెక్టరుగారు. సభలో చెప్పడానికి రాసుకున్న వాక్యం అది. వృథా పోకూడదని ఇక్కడ వాడేశారు.

డాక్టరమ్మ పెట్టె వైపు తిరిగింది. పెట్టె తలుపు తీసింది. అరలో ఉన్న పళ్ళేన్ని రెండు చేతులతో పైకి ఎత్తింది.  పళ్ళేన్ని అటుది ఇటు తిప్పి మళ్ళీ పెట్టి తలుపు వేసింది. పెట్టెలావిడ మీట నొక్కింది. ఊదా దీపాలు వెలిగాయి, కెమెరా కన్ను తెరిచింది.

బొమ్మ వచ్చింది. కుడివైపు నీలంగా అందంగా మెరుస్తోంది. అక్కడ ఇప్పుడున్నవి ఉత్త నీళ్ళు. మందున్న ఎడమవైపు నల్లగా ఉంది.

ఇద్దరూ ఆ బొమ్మ వైపు చూస్తూ ఉండగానే పక్కన అప్పటికే నిండిన సభలోంచి పెద్దగా చప్పట్లు వినిపించాయి. డైరెక్టరుగారి ఏర్పాటు బ్రహ్మాండంగా పనిచేసింది. బొమ్మ తిన్నగా తెర మీద పడింది. నీలం మెరుపు చూసి జనం ఉత్త నీళ్ళకి చప్పట్లు కొడుతున్నారు.

డాక్టరమ్మ కళ్ళు తుడుచుకుంది. ఎవరి కోసమూ ఆగకుండా సభలోకి నడిచింది. మైకు ముందు నిలబడి, "మందు పనిచేయలేదు," అంది. ముందుమాట లేదు, మెలిక లేదు. "పొరపాటు జరిగింది. నేను సరిగ్గా చూసుకోలేదు. క్షమించండి."

ఎవరికీ అర్థం కాలేదు. తెర మీద నీలం ఇంకా మెరుస్తూనే ఉంది మరి. ఇందాక వరండాలో నమస్కారం పెట్టినాయన లేచి నిలబడ్డాడు.

"మెరుస్తోంది కదమ్మా," అన్నాడు. "మెరిస్తే పనిచేసినట్టేనని మీరే కదా చెప్పారు?"

 డైరెక్టరుగారు ఇంకో తలుపులోంచి లోపలికి వచ్చి, ఈ నిర్వాకం ఎవరిదో నలుగురి ముందూ తేలిపోవడం ప్రయోగశాల పరువుకి మంచిదని తలచారు.

"అసలు ఆ గుడ్డ ఉతికింది ఎవరు?" అన్నారు గట్టిగా.

వెనక వరసలో తెల్లచొక్కా లేచింది. "నేనేనండీ, నాకు తెలీక..." అని మొదలుపెట్టాడు ఆవిడ భర్త. అందరి తలలూ అటు తిరిగాయి. ఆయన చెవుల దాకా ఎర్రబడ్డాడు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు, పాపం, ఏమీ దొంగిలించకుండానే.

"ఆయనది కాదు తప్పు," అంది పెట్టెలావిడ. మైకు అక్కర్లేని గొంతు ఆవిడది. "గుడ్డ ఉతికినవాళ్ళది తప్పెలా అవుతుంది? ఉతికిన గుడ్డని చూసుకోకుండా పెట్టెలో పెట్టింది నేను. నా గోడ మీద నేనే రాసుకున్న మాట నేనే తప్పాను. తప్పు నాది."

ఆ వెంటనే ఆవిడ చేసిన పని ఆవిడకే తర్వాత నమ్మబుద్ధి కాలేదు. "ఏమండీ, ఒక్కసారి ఇలా ముందుకి రండి," అంది. ఆయన వచ్చాడు. సభలో లైట్లు ఆర్పమంది. ఎవరో ఆర్పారు. మెడలోని ఊదా టార్చి తీసి ఆయన మీద వేసింది.

చీకట్లో చొక్కా నీలంగా, నిండుగా మెరిసింది. తెర మీది మెరుపు దీని ముందు ఎందుకూ పనికిరాదు.

"చూడండి బాబూ," అంది ఆవిడ, నిలబడి ఉన్నాయనతో. "ఈయనకి ఏ మందూ వేయలేదు. సబ్బుపొడితో ఉతికారు, అంతే. పెట్టెలో మెరిసింది కూడా ఇదే. మీకు మెరుపు చూపించింది మందు కాదు, నా అజాగ్రత్త."

అప్పుడు ఆ తండ్రికి అర్థమైంది. మెల్లగా కూర్చున్నాడు. ఎవరో తల్లి వెక్కి వెక్కి ఏడవడం వినపడింది. ముందు వరసలో మెడ నిలబడని పిల్ల మాత్రం, సభ మొదలైనప్పటి నుంచీ ఎటూ చూడనిది, మెరుస్తున్న చొక్కా వైపు చెయ్యి చాపింది. పెట్టెలావిడ భర్త ఏం చేయాలో తోచక ఒంగి తన చెయ్యి అందించాడు. పిల్ల కఫ్ పట్టుకుంది. లైట్లు వెలిగేదాకా వదల్లేదు.

సభ ఎలా ముగిసిందో చెప్పుకోవడానికేమీ లేదు. విలేకర్లు వెళ్ళిపోయారు. డైరెక్టరుగారు మళ్ళీ పెట్టెని రేకు డబ్బా అన్నారు, ఈసారి ఆ మాటలో న్యాయం ఉంది. రెండో పెట్టె అడిగినవాళ్ళు ఇప్పుడు తొందరేమీ లేదని కబురు పంపారు. పెట్టెలావిడ కొన్నాళ్ళు వర్క్‌షాపు తలుపు తీయలేదు. హార్డ్‌వేరు షాపువాడు ఆమె కోసం బెంగపెట్టుకున్నాడంటే నమ్మాలి. షాపులో లైట్లు ఆర్పమనేవాళ్ళు లేక వాడికి తోచలేదట.

కొన్ని నెలలు పోయాక ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ వచ్చింది. సంచిలో కొత్త పళ్ళెం తెచ్చింది, కొత్త మందు.

"అక్కడ వద్దనిపించింది. మొదట మీ దగ్గరే చూద్దామని," అంది.

పెట్టెలావిడ వర్క్‌షాపులో మిగిలిపోయిన రెండో పెట్టెకి కొత్త తెర కుట్టి ఉంచింది. దాన్ని ఊదా దీపం కింద డాక్టరమ్మకి చూపించింది. టార్చి తీసి రంగుటద్దాన్నీ, అరనీ, అన్నిటినీ చూపించింది, తనకి తాను సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టు. డాక్టరమ్మ పళ్ళెం పెట్టింది. ఇద్దరూ చీకటి గదిలో పక్కపక్కన కూర్చున్నారు. బొమ్మ వచ్చింది. కుడివైపు చీకటి. ఎడమవైపు చీకటి. పళ్ళెం తిప్పి పెట్టారు. మళ్ళీ అంతా చీకటే.

"ఏమీ లేదు," అంది డాక్టరమ్మ.

"లేదు."

"ఇది నమ్మొచ్చా?"

"నమ్మొచ్చు," అంది పెట్టెలావిడ. గడ్డం ఈసారి పైకి లేవలేదు.

డాక్టరమ్మ చాలాసేపు ఆ నల్ల బొమ్మనే చూసింది. "సరే. అయితే ఈ మందు కాదు," అంది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, పళ్ళెం మీద ఏదో గుర్తు పెట్టుకుంది. "వచ్చే నెల ఇంకోటి తెస్తాను."

తలుపు దగ్గర ఎవరో వచ్చిన అలికిడయింది. పెట్టెలావిడ అటు చూసింది. ఎవరూ కనపడలేదు. చీకట్లోంచి టీ గ్లాసుల చప్పుడు మాత్రం వచ్చింది.

"గ్లాసులు బయట బల్ల మీద పెడతాను. పెట్టె దగ్గర వద్దులే," అన్నాడు భర్త.

ఊదా దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. చొక్కా మాత్రం ఎక్కడా మెరవలేదు. ఆవిడ లేచి ఆయన వెనకాలే బయటికి వెళ్ళింది. పగటి వెలుతురులో చూస్తే చొక్కా నీరసంగా, పసుపు తిరిగిన పాత తెలుపులో ఉంది. కాలరు శుభ్రంగానే ఉంది, వెలుగు లేదంతే. బట్టల బీరువాలో ఉన్నవన్నీ అలాగే ఉన్నాయని ఆవిడకి అప్పుడు గుర్తొచ్చింది. ఎన్నాళ్ళుగానో అలాగే ఉన్నాయి. తన కళ్ళకే ఆనలేదు.

"పొడి మార్చారా?"

"ఆ రోజే మానేశా. ఉత్త బార్ సబ్బు. ఏ గుడ్డ ఏ పెట్టెలోకి పోతుందో ఎవరికి తెలుసు?" అన్నాడు ఆయన, టీ వైపు చూస్తూ. "వీధిలో ఇప్పుడు ఎవరూ ఏమీ అడగరులే."

 ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అనని మాట అనడానికి ఆవిడకి కొంత టైము పట్టింది.

"మీ చొక్కా బాగుందండీ," అంది.

"మాసినట్టుంది కదోయ్."

"ఉంది," అంది ఆవిడ. "అయినా బాగుంది."